మూడు తలంట్లకే కొబ్బరి పీచు

సవరం పాడైందంటే కొనుక్కున్న పిల్ల దాన్ని సరిగ్గా చూసుకోలేదు అనే వాదన నేను ఒప్పుకోను. ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాట మీద గొడవే. హెయిర్ ఎక్స్‌టెన్షన్ అంటే తప్ప మనలో కొందరికి ఎక్కదు కాబట్టి ముందే చెప్తున్నా, రెండూ ఒకటే. మా మామ్మ తరం వాళ్ళు సవరం అన్నారు, మనం దానికి క్లిప్పులు కుట్టి ఇంగ్లీషు పేరు పెట్టాం. పేరు మారేసరికి రేటు కూడా మారిపోయింది. అది వేరే విషయం అనబోయాను గానీ, అసలు విషయమే అది.

మా బ్లాకులో ఒకమ్మాయికి సెకండియర్‌లో డెంగీ వచ్చింది. జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకి జుట్టు గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా రాలడం మొదలైంది. పెద్ద జ్వరాల తర్వాత ఇలా అవడం మామూలే, మళ్ళీ వస్తుంది కూడా. కాకపోతే వెంట్రుక నెలకి సెంటీమీటరు కంటే పెద్దగా పెరగదు. వాళ్ళక్క పెళ్ళేమో నెలన్నరలో ఉంది. పిల్ల తను దాచుకున్న డబ్బుల్లోంచి 4,500 పెట్టి ఆన్‌లైన్లో ఒక సెట్టు తెప్పించుకుంది. వంద గ్రాములు, ఇరవై అంగుళాలు. పెట్టె మీద "నూటికి నూరు శాతం రెమీ, అచ్చమైన గుడి జుట్టు" అని బంగారు రంగు అక్షరాలు. పెళ్ళినాడు పట్టుకుచ్చులా ఉందంట. మొదటి తలంటుకి కాస్త మెరుపు తగ్గింది. రెండోదానికి కొసలు గరుకెక్కాయి. మూడోది అయ్యాక దాన్ని బకెట్లోంచి తీసి నా చేతిలో పెట్టింది. మాది కొబ్బరితోటలున్న ఊరు, పీచు అంటే ఏంటో నాకు ఒకళ్ళు చెప్పక్కర్లేదు.

అమ్మినవాళ్ళకి ఫొటోలు పెడితే వచ్చిన జవాబు: మీ నీళ్ళు మంచివి కావు, మీ షాంపూ మంచిది కాదు, మెయింటెనెన్స్ లోపం, వాడిన సరుకు వాపసు తీసుకోం. క్లాసు గ్రూపులో ఎవరో గుర్రం తోక స్టిక్కర్ పెట్టారు. దాని కింద వరసగా నవ్వు బొమ్మలు. జ్వరం సంగతి తెలిసినవాళ్ళు కూడా నవ్వారు, అది నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

సరే, నవ్వులు పక్కన పెట్టి ఆ మెయింటెనెన్స్ అనే మాట తీసుకుందాం. నేను మెకానికల్. ఒక పార్టు ఫెయిలైతే వాడినవాణ్ణి తిట్టే ముందు మెటీరియల్ చూడాలని మనకి మొదటి ఏడాదే చెప్పారు. ఆ పిల్ల తల మీద తన సొంత జుట్టు కూడా ఉంది కదా. అవే బోరు నీళ్ళు, అదే షాంపూ, అదే దువ్వెన. అది పీచవలేదు. కంట్రోల్ శాంపిల్ తల మీదే పెట్టుకుని తిరుగుతోంది, ఇంకేం కావాలి? సొంత జుట్టుకి కుదుళ్ళలోంచి జిడ్డు అందుతుంది, సవరానికి అందదు, నిజమే. కానీ జిడ్డు అందకపోతే నెలల మీద ఎండుతుంది. మూడు స్నానాలకి ఉండచుట్టుకుపోదు.

మన వెంట్రుక సుమారు 70 మైక్రాన్ల మందం. లోపల కెరాటిన్ పోగులు, బయట పెంకుల్లాంటి పొరలు. ఇంటికప్పు మీద పెంకులు పేర్చినట్టే ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, అంచులన్నీ కొస వైపుకి తిరిగి ఉంటాయి. నమ్మకపోతే మీ దువ్వెనలో మిగిలిన వెంట్రుకని ఒకటి తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, పొడుగునా ముందుకీ వెనక్కీ నలపండి. మీరు ఎటు నలిపినా అది ఒకే వైపుకి, కుదురు ముందుగా, పాకుతూ పోతుంది. కిట్‌లో ఉండే రాచెట్ స్పానర్ ఒక వైపే తిరిగినట్టు. గొర్రె ఉన్నిలోనూ ఇదే ఏర్పాటు. మన ఏలూరు తివాచీలకి వాడే ఉన్నిని వేడినీళ్ళలో వేసి పిసికితే ముడుచుకుపోయి గట్టి కంబళి ముక్కలా అవుతుంది. పోగులు తలో దిక్కుకీ పాకి, ఒకదాని పెంకు ఇంకోదాని పెంకులో ఇరుక్కుని, ఇక వెనక్కి రాలేవు. సవరంలో జరిగేదీ అదే. వెంట్రుకలన్నీ కుదుళ్ళు పైకి, కొసలు కిందికి ఉంటే పెద్దగా చిక్కు పడవు. సగం తలకిందులుగా ఉంటే నీళ్ళు తగిలిన ప్రతిసారీ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

దీనికి ఫ్యాక్టరీ వాళ్ళకి రెండు దారులున్నాయి. ఒకటి, కోసిన నిమిషం నుంచీ కుదుళ్ళు ఒకవైపే ఉండేలా కట్ట కట్టి, చివరిదాకా ఆ వరస చెడకుండా చూడటం. రెమీ అనే మాటకి అర్థం ఇంతే. రెండోది, అసలు పెంకులే లేకుండా చేసెయ్యడం. యాసిడ్ తొట్టిలో ముంచితే పై పొర తినేస్తుంది. పట్టుకునేదే లేకపోతే చిక్కెక్కడిది? తర్వాత రంగు వేసి, పైన సిలికాన్ పూత పూస్తారు. పెట్టె తెరవగానే కనిపించే ఆ మెరుపు జుట్టుది కాదు, పూతది. రెండు మూడు తలంట్లకి పూత కడుక్కుపోతుంది. అడుగున మిగిలేది తోలు ఒలిచేసిన వెంట్రుక. నీళ్ళు తగిలితే ఉబ్బుతుంది, ఎండితే పెళుసెక్కుతుంది. తొట్టిలో పెంకులు పూర్తిగా పోనివి, సగం సగం లేచి ఉన్నవి కొన్ని ఉంటాయి కదా, అవి దొరికినదాన్నల్లా పట్టుకుంటాయి.

ఆ అమ్మాయి సవరంలోంచి నాలుగు పోగులు, తన తలలోంచి నాలుగు పోగులు తీసుకుని మా మెటలర్జీ ల్యాబు మైక్రోస్కోపు కింద పెట్టాం. ల్యాబు అసిస్టెంటు గారు "స్టీలు ముక్కలు తెమ్మంటే ఎంటికలు తెచ్చారేంటమ్మా" అంటూనే ఫోకస్ సరిచేసి పెట్టారు. సొంత జుట్టు మీద పెంకుల గీతలు అడ్డంగా, సన్నగా, వరసగా కనిపించాయి. సవరం పోగుల్లో రెండింటి మీద అసలు గీతలు లేవు. మిగతా రెండూ తారు లేచిపోయిన మా జంగారెడ్డిగూడెం రోడ్డులా ఉన్నాయి. నాలుగు పోగులతో ఏదీ రుజువైపోదని నాకూ తెలుసు. కానీ బోరు నీళ్ళు మూడు స్నానాల్లో పెంకులన్నీ ఒలిచెయ్యలేవని కూడా తెలుసు.

ఇక ఈ జుట్టు ఎక్కడిది? మా కామవరపుకోటలో నిలబడితే రెండు దారులూ కనిపిస్తాయి. ఒకటి ద్వారకా తిరుమల. చిన్న తిరుపతి అంటాం, ఆటోలో అరగంట. మా ఇళ్ళలో పుట్టు వెంట్రుకలు అక్కడే, మొక్కులూ అక్కడే. పెద్ద తిరుపతిలాగే అక్కడి తలనీలాలకీ వేలంపాట జరుగుతుంది. (రెండో వైపు, మా మండలంలోనే జీలకర్రగూడెం దగ్గర గుంటుపల్లి బౌద్ధ గుహలున్నాయి. రెండు వేల ఏళ్ళ కిందట అక్కడున్న భిక్షువులందరివీ గుండ్లే. గుళ్ళో అయినా గుహలో అయినా మా వైపు జుట్టు వదులుకోవడం పాత అలవాటే.) తిరుమల కల్యాణకట్టలో పొడుగు జుట్టున్న ఆడవాళ్ళకి ముందు పాయలుగా ముడేసి ఆ తర్వాత గుండు చేస్తారు. అందుకే కుదుళ్ళు ఒకవైపు ఉంటాయి. దాన్ని పొడుగుని బట్టి వేరు చేస్తారు: 31 అంగుళాలు దాటితే మొదటి రకం, 16 నుంచి 30 దాకా రెండోది, అలా కిందికి వెళ్తే 5 అంగుళాల లోపుది ఐదో రకం, తెల్ల జుట్టు విడిగా. 2011 నుంచి ఈ-వేలం పెడుతున్నారు. కొన్నేళ్ళ కిందటి వేలాల్లో మొదటి రకం కిలో 20 వేల రూపాయలు దాటింది. ఐదో రకం కిలోకి వంద కూడా రాలేదు. నెలకి సెంటీమీటరు లెక్కన 31 అంగుళాలంటే ఒక మనిషి ఆరున్నరేళ్ళు. ఆ లెక్క వేశాక 20 వేలు నాకు ఎక్కువనిపించలేదు.

రెండో దారి మా వీధిలోనే. ఇది గుడి కాదు, గోడ. మామ్మ తల దువ్వుకున్నాక రాలిన వెంట్రుకల్ని వేలికి చుట్టి, ఉమ్మి, పెరటి గోడ సందులో దోపేది. నెలకో రెండు నెలలకో "చిక్కు ఎంటికలకి స్టీలు సామాన్లే" అని సైకిల్ మీద కేక వచ్చేది. ఆ ఉండలన్నీ ఇచ్చి గ్లాసో గిన్నో తీసుకునేది. మా చిన్నప్పుడైతే మా వాటాకి బుడగ. ఈ మధ్య రేటు పెరిగిందంటున్నారు, డబ్బే ఇస్తున్నారంట. ఆ ఉండలో కుదురేది కొసేది ఎవడికీ తెలియదు. ముగ్గురు నలుగురు ఆడవాళ్ళవి, నల్లవి నెరిసినవి, రంగేసినవి వెయ్యనివి, అన్నీ ఒకే సంచిలో.

ఒక చిన్న లెక్క చెయ్యండి. 70 మైక్రాన్ల మందం, నీటికి 1.3 రెట్లు సాంద్రత అనుకుంటే అర మీటరు వెంట్రుక రెండున్నర మిల్లీగ్రాములు తూగుతుంది. మనిషికి రోజుకి 50 నుంచి 100 రాలడం మామూలు. వందే వేసుకున్నా రోజుకి పావు గ్రాము. అంటే వంద గ్రాముల సెట్టు ఒక్క మనిషి చిక్కుతో తయారవ్వాలంటే 400 రోజులు పట్టాలి. అదీ అన్నీ అర మీటరువే అయితే. కాబట్టి చిక్కు జుట్టు సెట్టు అంటే పదులకొద్దీ తలలు, తలో వయసు, తలో ఊరు. ఈ సంచులు ఊళ్ళు దాటి చాలా దూరం పోతాయి. కర్ణాటకలో కొప్పళ పక్కన భాగ్యనగర్‌లో ఈ జుట్టు విడదీసి, శుభ్రం చేసే పని మీద బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంకా దూరం, ఈశాన్య రాష్ట్రాల మీదుగా మయన్మార్‌కి కూడా పోతుంది. అక్కడ ఆడవాళ్ళు కూర్చుని ఉండల్ని ఒక్కొక్క పోగుగా విడదీస్తారు. దీని గురించి ఎమ్మా టార్లో అనే ఆంత్రొపాలజిస్టు ఊరూరూ తిరిగి 2016లో ఒక పుస్తకమే వేసింది. 2021 ఫిబ్రవరిలో మిజోరంలో సరిహద్దు దగ్గర జుట్టు బస్తాలు పట్టుబడితే అవి తిరుమలవే అని గోల జరిగింది గుర్తుందా? మేం వేలంలో అమ్ముతాం, మాకు సంబంధం లేదు అని దేవస్థానం చెప్పుకోవాల్సి వచ్చింది. జుట్టు అనగానే అందరికీ గుడే గుర్తొస్తుంది. గోడ సందు ఎవరికీ గుర్తురాదు.

అమ్మేవాళ్ళకి కావలసిందీ అదే. గోడ సందు జుట్టుకి గుడి పేరు పెడితే రేటు నాలుగింతలు.

ఈ సంగతంతా సంక్రాంతి సెలవలకి వెళ్ళినప్పుడు మామ్మకి చెప్పాను. యాసిడ్, సిలికాన్ అన్నీ ఓపిగ్గా వింది. చివరికి ఒకటే అడిగింది: "నా ఎంటికలకి గళాసిచ్చాడు. ఆ పిల్లకాడ నాలుగు వేల ఐదొందలు తీసుకున్నాడు. మజ్జిలో ఆడు చేసిందేంటే?"

చేసింది ఉంది మామ్మా, చాలా చేతులు పడ్డాయి, విడదీశారు, కట్టారు, కుట్టారు. ఆ చేతులకి వచ్చింది కూడా గ్లాసు పాటిదే. అది చెప్పాక మామ్మ ఇంకా చిరాకు పడింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి, లేకపోతే నేనేదో చిక్కు జుట్టు వ్యాపారాన్ని మూసెయ్యమంటున్నానని అనుకుంటారు. కాదు. పారెయ్యాల్సిన దాన్ని పనికొచ్చేలా చేస్తున్నారు, సైకిలు మీద తిరిగేవాళ్ళకి అన్నం పెడుతోంది, మంచిదే. పైగా మామ్మ తరం పెట్టుకున్న సవరాలు కూడా ఎక్కువగా చిక్కు జుట్టువే. పూసలు, పిన్నీసులు అమ్ముకుంటూ వచ్చేవాళ్ళే జుట్టు కొని, సవరాలు కట్టి అమ్మేవాళ్ళు. అవి ఏళ్ళ తరబడి నిలిచేవి. ఎందుకని? ఒకటి, వాటికి యాసిడ్ తొట్టి లేదు. రెండోది ముఖ్యం, వాటిని ఎవరూ విరబోసుకోలేదు. బాగా నూనె పట్టించి, బిగించి జడలో కలిపి అల్లేవాళ్ళు. అల్లిన జడలో పోగు కదలదు, కదలకపోతే పాకదు, పాకకపోతే చిక్కు పడదు. తల రుద్దుకునేటప్పుడు తీసి పక్కన పెట్టేవాళ్ళు. అంటే మెటీరియల్‌ని దాని హద్దులో వాడారు. అదే జుట్టుకి పూత పూసి, గాలికి ఎగురుతున్న ఫొటో పెట్టి, రోజూ విరబోసుకోవచ్చని అమ్మితే ఎలా? మైల్డ్ స్టీలుకి స్టెయిన్‌లెస్ స్టిక్కరేసి అమ్మి, తుప్పు పట్టాక "తడి తగలనిచ్చారా?" అని అడిగినట్టుంది.

ఇంకో రకం మాట కూడా విన్నాను, ఎక్కువగా అబ్బాయిల దగ్గర: "అసలు ఎందుకివన్నీ, నేచురల్‌గా ఉండొచ్చుగా?" జుట్టున్నమ్మ ఏ కొప్పయినా పెడుతుంది అని సామెత ఉంది కదా. నేచురల్‌గా ఉండమని సలహా ఇచ్చేవాళ్ళంతా ఆ జుట్టున్న బాపతే. మన కూచిపూడిలో భామాకలాపం మొదలయ్యేది సత్యభామ జడతో. మనిషి రాకముందే తెర మీంచి జడ పడుతుంది, నన్ను గెలిచేవాళ్ళెవరో రండి అని సవాలు. ఆ జడ సొంత జుట్టు కాదు. చాలాకాలం సత్యభామ కూడా ఆడమనిషి కాదు, వేదాంతం సత్యనారాయణ శర్మ గారి లాంటి మగవాళ్ళు ఆ వేషం కట్టి దేశమంతా మెప్పించారు. జడ నీదేనా అని అప్పుడు ఎవరూ అడగలేదు. పెళ్ళికూతురి పూలజడ కింద సవరం ఉందని పెళ్ళికొచ్చిన ప్రతి ఆడమనిషికీ తెలుసు, ఎవరూ నవ్వరు. కాబట్టి డెంగీ నుంచి లేచిన పిల్ల అక్క పెళ్ళికి సవరం పెట్టుకోవడంలో నవ్వడానికి ఏముందో స్టిక్కర్లు పెట్టినవాళ్ళే చెప్పాలి.

నేను అడిగేది చిన్నది. పెట్టె మీద మూడు మాటలు రాయండి: కోసిన జుట్టా, రాలిన జుట్టా, యాసిడ్ పెట్టారా లేదా, పూత ఉందా లేదా. బంగారానికి హాల్‌మార్క్ ఉంది. పట్టుకి సిల్క్ మార్క్ ఉంది. జుట్టు కొనేవాళ్ళు చూసి గుర్తుపట్టే ముద్ర ఒక్కటీ లేదు. ఆ అమ్మాయి పెట్టె మీద బరువుంది, ఎమ్మార్పీ ఉంది, నెల ఉంది. లోపల ఏ రకం జుట్టుందో మాత్రం ఆ బంగారు అక్షరాలని నమ్మాల్సిందే.

ఇలా రాయడం కుదరదు, సరుకు అంతా కలిసిపోతుంది, జాడ తెలియదు అంటారు. కుదురుతుంది. 2004లో ఏమైందో చూడండి. పెళ్ళైన యూదు స్త్రీలలో మతాచారం గట్టిగా పాటించేవాళ్ళు విగ్గు పెట్టుకుంటారు. భారతదేశపు గుళ్ళలో తీసిన జుట్టు పూజలో భాగం కాబట్టి దానితో చేసిన విగ్గులు పనికిరావని ఆ ఏడాది మే నెలలో ఇజ్రాయెల్లో ఎల్యాషివ్ అనే పెద్ద మతగురువు తీర్పు చెప్పాడు. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో జనం వీధుల్లో విగ్గులు కుప్పపోసి తగలబెట్టారు. మొక్కుగా ఇచ్చిన జుట్టు గురించి ఆ తీర్పు సరైనదేనా అనేది నాకు సంబంధం లేని చర్చ. నాకు కావలసింది తర్వాత జరిగింది. జుట్టు ఎక్కడిదో చెప్తూ సర్టిఫికెట్లతో విగ్గులు మార్కెట్లోకి వచ్చాయి. అప్పటిదాకా తెలియని జాడ, కొనేవాళ్ళు గట్టిగా అడిగేసరికి తెలిసిపోయింది.

మన ప్రభుత్వానికీ జుట్టు మీద దృష్టి లేకపోలేదు. 2022 జనవరిలో ముడి జుట్టు ఎగుమతి మీద ఆంక్షలు పెట్టారు. తక్కువ రేటు చూపించి దొంగదారిన పోతోందని, ఇక్కడి విగ్గుల పరిశ్రమకి సరుకు మిగలడం లేదని. తర్వాత కిలోకి 65 డాలర్ల హద్దు కూడా పెట్టారు. అంటే రేవులో సంచి ఎత్తి కిలో ఎంత అని అడిగేవాళ్ళున్నారు. బజార్లో పెట్టె ఎత్తి ఇదేం జుట్టు అని అడిగేవాళ్ళు లేరు. ఆ రెండో ప్రశ్న మనమే అడగాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సరుకు గురించి అబద్ధం చెప్పే ప్రకటన కూడా నేరమే. 1915కి ఫోన్ చేస్తే ఫిర్యాదు రాసుకుంటారు, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. ఆ అమ్మాయి చేసింది. మైక్రోస్కోపు ఫొటోలు కూడా జతచేశాం. నంబరు వచ్చింది, జవాబు రావాలి.

ఈలోపు ఇప్పటికే పీచు చేతిలో పట్టుకుని కూర్చున్నవాళ్ళ కోసం, మేం ప్రయత్నించిన దాంట్లో పనికొచ్చింది చెప్తాను. మొదట అది అసలు జుట్టేనా అని చూడండి. ఒక్క పోగు కొస కాల్చండి, స్టీలు పళ్ళెంలో, కిటికీ దగ్గర, హాస్టల్ అలారం మోగకుండా. ఈకలు కాలిన వాసన వచ్చి బూడిద నలిగిపోతే జుట్టు. కరిగి గట్టి పూసలా అయితే ప్లాస్టిక్ పోగు, దానికి ఇస్త్రీ పెట్టె లాంటివి దగ్గరికి రానివ్వకండి. జుట్టే అయితే, ఎండినప్పుడు కొసల దగ్గర మొదలుపెట్టి పైకి వస్తూ వెడల్పు పళ్ళ దువ్వెనతో చిక్కు తియ్యాలి. తడిగా ఉన్నప్పుడు దువ్వకూడదు, తడి వెంట్రుక ఇంకా బలహీనం. తల మీద పెట్టుకుని రుద్దకూడదు, విడిగా బకెట్లో నిలువుగా ముంచి తియ్యాలి. మన హాస్టళ్ళ బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ కాబట్టి చివరి మగ్గు తాగేనీళ్ళతో, అందులో చెంచాడు వెనిగర్ కలిపి పోస్తే గరుకు కొంత తగ్గింది. తలంటుకి ముందు రాత్రి కొబ్బరినూనె పట్టించండి. ఇది మామ్మ మాటే కాదు. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి దిగి ప్రొటీన్ పోకుండా ఆపుతుందని, పొద్దుతిరుగుడు నూనెకీ మినరల్ ఆయిల్‌కీ ఆ గుణం లేదని మన దేశంలోనే పరీక్షలు చేసి 2003లో రేలే, మొహిలే అనేవాళ్ళు పేపరు వేశారు. జిగురుతో, టేపుతో అతికించే రకమైతే మాత్రం అతుకు దగ్గర నూనె తగలనివ్వకండి, ఊడి వస్తుంది. నీడలో వేలాడదీసి ఆరబెట్టండి. రాత్రి పడుకునేటప్పుడు తీసెయ్యండి, తియ్యలేనిదైతే వదులుగా జడ అల్లుకోండి. మరీ పీచైన కొసలు ఒకటి రెండు అంగుళాలు కత్తిరించెయ్యడమే మేలు.

ఇన్ని చేస్తే ఆ సెట్టు ఇంకో రెండు నెలలు జడలోకి పనికొచ్చింది, అంతే. పోయిన పెంకులు ఏ సీరం పెట్టినా తిరిగి రావు. వెంట్రుక ప్రాణం లేని వస్తువు, దానికది బాగుచేసుకోదు. "రిపేర్" అని రాసున్న సీసాలో ఉండేది మళ్ళీ ఆ సిలికానే.

మొన్న ఏలూరులో ఒక పాత ఫ్యాన్సీ కొట్టుకి వెళ్ళాం. పేరు కూడా సరిగ్గా కనిపించని బోర్డు, గాజుల మధ్యలో నాలుగు సవరాలు వేలాడుతున్నాయి. రెమీయేనా బాబాయ్ గారూ అని అడిగాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టి, "రెమీ గిమీ నాకు తెలవదమ్మా. ఇది చిక్కు జుట్టు. జడలోకైతే తీసుకెళ్ళు, రెండేళ్ళు ఢోకా లేదు. ఇరబోసుకోడానికైతే వద్దు, మళ్ళీ నన్ను తిట్టుకుంటావ్" అన్నాడు. ఎంతండీ అంటే ఏడొందలన్నాడు. ఆరొందల యాభైకి ఇచ్చాడు.